కబురు అందని కాగితాలు

ఫోను మా ఆవిడ ఎత్తింది. అటునుంచి మాట వినగానే ముఖం మారింది. ఫోను కొంగుతో మూసి, పెరట్లో గొడ్డుకు మేత వేస్తున్న నన్ను కేకేసింది.

"పెద్దాసుపత్రి నుంచట. లెక్కలు రాసే పిల్లట. మీ చెల్లెలు ఎలా ఉందని అడుగుతోంది."

మా చెల్లెలు పోయి పదకొండేళ్ళయింది.

ఆమెను ఇంట్లో పిచ్చుక అనేవాళ్ళం. నిద్రలో తప్ప నోరు మూసేది కాదు. బట్టలు కుట్టేది. తలనొప్పి, ఆ తరవాత మూర్ఛలు వస్తే పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. తలలో రక్తనాళాలు చిక్కుపడ్డాయని అక్కడ తేల్చారు. తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం తల దాకా పంపి, ఆ చిక్కులోకి జిగురులాంటి మందు వదిలి మూసేశారు డాక్టరుగారు. అప్పటికది కొత్త పద్ధతి. నెల తిరిగేసరికి చెల్లెలు లేచి నడిచింది. సూదీ దారం తెప్పించుకుని డాక్టరుగారి ముందే ఎక్కించి చూపించింది. ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చేశాం. పదో నెలలో ఒక పొద్దున కుట్టుమిషను మీదే తల వాల్చేసింది. భుజాన వేసుకుని పరిగెత్తాను. దారిలోనే నా భుజం మీద బరువు మారింది.

ఫోనులో ఆ పిల్ల చెప్పింది ఇదీ. డాక్టరుగారు మా చెల్లెలి మీద ఒక వ్యాసం రాశారు. అందులో పేరు ఉండదు, 'ముప్పై ఏళ్ళ స్త్రీ' అని ఉంటుంది. ఆ వ్యాసాన్ని చూపించి లోకంలో నాలుగు వందల మంది దాకా తమ వ్యాసాలు రాసుకున్నారు. అందరూ ఆమె కోలుకుందనే రాశారు. ఇప్పుడెలా ఉందో కనుక్కుందామని పాత ఫైలు వెతికి ఫోను చేసింది.

"నేనే వస్తానమ్మా," అన్నాను. పోయిందన్న మాట ఫోనులో చెప్పలేదు.

అమ్మ అరుగు మీద కూచుని పల్లీలు ఒలుస్తోంది. అంతా విన్నట్టే ఉంది.

"బాగుందని రాశారంటనా?"

"అంట."

"అంతమందీ?"

"అంతమందీ."

అమ్మ గుప్పిట్లో పల్లీలు గుప్పిట్లోనే ఉండిపోయాయి. "ఒరేయ్ పెద్దోడా. ఎక్కడో ఒకచోట అది బాగుందని ఉంటే ఉండనియ్యిరా. నీ సొమ్మేం పోయింది?"

అమ్మ మాట నాకూ తప్పనిపించలేదు. బస్సులో కూచున్నంతసేపూ, ఏముందో చూసి వచ్చేస్తే చాలులే అనుకున్నాను.

ఆసుపత్రి గ్రంథాలయం మేడ మీద, ఒక మూల గది. కిటికీ రెక్కకు గొళ్ళెం లేక కాగితం మడిచి దోపారు. ఆ పిల్ల చెప్పులు బల్ల కింద వదిలేసి, కాళ్ళు కుర్చీలోకి మడుచుకుని కంప్యూటరు ముందు కూచుంది. నన్ను చూసి గబుక్కున కాళ్ళు దించింది.

"రండి బాబాయ్. ఎండలో వచ్చారు. నీళ్ళు తాగండి."

"నువ్వు డాక్టరువా తల్లీ?"

"కాదు బాబాయ్. మెదడు రక్తనాళాల జబ్బుల మీద ఎవరేం రాసినా, చివర్లో 'ఈ మాట ఫలానావాళ్ళు చెప్పారు' అని రాయాలి. ఎవరి మాట ఎంతమంది ఎత్తుకున్నారు, ఏ ఏడు పెరిగింది, ఏ ఏడు తగ్గింది... అవి లెక్కపెడతాను."

"దానికి జీతం ఇస్తారా? మా ఊళ్ళో టీకొట్టు దగ్గర ఆ పని ఉత్తపుణ్యానికే చేస్తారు."

ఫక్కున నవ్వింది. పళ్ళ వరస కొంచెం ఎగుడుదిగుడు. నవ్వితే మంచి పిల్లలాగే ఉంది.

తెర మీద ఒక గీత చూపించింది. అది మా చెల్లెలి వ్యాసం గీత. మొదట్లో పుచ్చతీగలా నేలబారున పాకింది. ఆ తరవాత పందిరి దొరికిన తీగలా పైకి లేచింది. ఇంకా లేస్తూనే ఉంది. కింద ఏళ్ళ అంకెలు ఉన్నాయి. నేను ఒక అంకె మీద వేలు పెట్టాను. అక్కడ గీత ఇంకా నేల మీదే ఉంది.

"ఇదిగో, ఈ ఏడు పోయింది తల్లీ మా చెల్లెలు."

ఆ పిల్ల నా వేలు వంక చూసింది. గీత వెంట పైదాకా చూసింది. మళ్ళీ వేలు దగ్గరికొచ్చింది.

"అయితే ఇదంతా..."

"ఆమె పోయాకే ఎక్కింది."

ఆ పిల్ల, ఈ వ్యాసాన్ని ఎత్తుకున్నవాళ్ళ రాతలు కొన్ని తీసి, తెలుగులో చెప్పుకుంటూ పోయింది. ఒకాయన 'నెలకే సూదిలో దారం ఎక్కించగలిగింది' అని రాశాడు. ఇంకొకాయన 'పూర్తిగా కోలుకుంది' అన్నాడు. మూడో ఆయన 'ఈ పద్ధతి నమ్మదగినదని రుజువైంది' అన్నాడు. మా పిచ్చుకను చూసినవాడు ఒక్కడూ లేడు.

"ఆ తరవాత ఏమైందని ఎవరూ అడగలేదు బాబాయ్. ముందాయన రాశాడని వెనకాయన రాశాడు."

"ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు," అన్నాను.

నవ్వబోయి ఆగిపోయింది. "డాక్టరుగారికి ఈ సంగతి తెలీదు. మీరు వస్తున్నారని మాత్రం చెప్పాను. ఆయన ఎంత సంతోషపడ్డారో!"

అప్పుడే తలుపు తోసుకుని ఆయన వచ్చారు. జుట్టు పూర్తిగా నెరిసింది. భుజాలు కిందికి జారాయి. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఏమయ్యా, గుర్తుపట్టాను నిన్ను! వరండాలో గోడకానుకుని నిలబడే నిద్రపోయేవాడివి. ఎలా ఉంది మన దర్జీ అమ్మాయి? ఇంకా అలాగే వాగుతోందా?"

ఆయన అరచేతులు వెచ్చగా ఉన్నాయి. 'బాగుంది సార్' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క ముక్క అనేస్తే ఆయనకూ తృప్తి, అమ్మకూ తృప్తి. ఆ పిల్ల తల వంచుకుని కూచుంది. నా మాట కాదని చెప్పే పిల్లలా లేదు.

ఆయనే మళ్ళీ అన్నారు. "మంచి సమయానికి వచ్చావు. ఎల్లుండి ఇంకొకావిడకు అదే చేస్తున్నాను. పాపం హడలిపోతోంది. మీ చెల్లెలి సంగతి చెప్పి ఒప్పించాను. ఒక్కసారి వచ్చి నీ నోటితో చెప్పు, ధైర్యంగా ఉంటుంది."

"లేదు సార్," అన్నాను.

"రెండు నిమిషాలేనయ్యా."

"అది కాదు సార్. మా చెల్లెలు లేదు. ఇక్కణ్ణుంచి వెళ్ళిన పదో నెలలోనే పోయింది."

ఆయన నా చేతులు వదల్లేదు. పట్టు మాత్రం సడలింది. కుర్చీ కోసం వెనక్కి తడుముకుంటే ఆ పిల్ల లేచి జరిపింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నారు, కూచున్నాక.

"చుట్టాలందరికీ కబురు చేశాం సార్. మీకు కూడా చెయ్యాలని మాకు తెలీదు."

"నేనూ అడగలేదు." కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయారు. "మళ్ళీ రాకపోయేసరికి బాగుందనుకున్నాను. బాగున్నవాళ్ళెవరూ మళ్ళీ రారు కదా ఆసుపత్రికి. అలసిపోయినప్పుడల్లా ఆ అమ్మాయినే తలుచుకునేవాణ్ణి. ఒక్క మనిషినైనా నిలబెట్టాను కదా అని."

తరవాత డాక్టరులా అడిగారు. తల ఏ వైపు నొప్పన్నది? వాంతి అయిందా? మాట ముందు పడిపోయిందా, చెయ్యా? ఒక్కొక్కటే చెప్పాను. ఆ పిల్ల రాసుకుంది. మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకుని మళ్ళీ రాసింది.

"మందు వల్లే పోయిందా, అది లేకపోతే ఇంకా ముందే పోయేదా? నేను చెప్పలేను," అన్నారాయన. "కానీ పోయిందని రాయాలి. నేనే రాయాలి."

లేచి, వార్డులో ఉన్న ఆవిడతో మాట్లాడతానని వెళ్ళారు. గుమ్మం దగ్గర ఒకసారి గోడ పట్టుకున్నారు. ఆవిడ ఏమందో, చేయించుకుందో లేదో నాకు తెలీదు. అడగలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

"చూశావా? ఏమని ఉంది?"

"సూదిలో దారం ఎక్కించిందని ఉంది."

అమ్మ ముఖంలోకి వెలుగు వచ్చింది. అది చూసి మిగతాది చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. చెప్పాక అమ్మ అరవలేదు, ఏడవలేదు.

"అక్కడ కూడా లేకుండా చేశావా," అని లోపలికి పోయింది.

ఆ తరవాత నాతో అవసరమైన మాట తప్ప ఆడలేదు. అన్నం పెట్టేది. మంచినీళ్ళు చెంబు శబ్దం వచ్చేలా పెట్టేది. "తల్లీకొడుకుల మధ్య నేను నలిగిపోతున్నాను, అప్పడాల పీటా కర్రా మధ్య పిండిలా," అని మా ఆవిడ ఒకరోజు అంటే నాకు నవ్వొచ్చింది. అమ్మకు రాలేదు.

మొక్కజొన్న కోతలయ్యాక లెక్కల పిల్ల మళ్ళీ ఫోను చేసింది. డాక్టరుగారు రాసింది అచ్చయి కొన్నాళ్ళయిందట. గొంతులో మాత్రం ఉత్సాహం లేదు.

"ఎవరూ చూడటం లేదు బాబాయ్. ఇది అచ్చయినప్పటి నుంచీ కూడా పాతదాన్నే ముప్పైమంది ఎత్తుకున్నారు. కొత్తదాన్ని ఒక్కరే. గీత ఇంకా పైకే పోతోంది. ఏం చెయ్యాలో తెలీడం లేదు."

అమ్మ గోడవతల బియ్యం చెరుగుతోంది. చేట చప్పుడు ఆగింది. ఈ మాట అమ్మకు ఊరటవుతుందేమో అనుకున్నాను.

"ఇంకా బాగుందనే రాస్తున్నారంటమ్మా," అన్నాను.

అమ్మ చేట పక్కన పెట్టి వచ్చి నా ఎదురుగా కూచుంది. చెంగుతో చేతులు తుడుచుకుంది.

"అది చూసి ఇంకా చేయిస్తున్నారా పిల్లలకి?"

"చేయిస్తూనే ఉంటారు."

"వాళ్ళకీ తల్లులుంటారు కదరా." కాసేపు నేల చూసింది. "ఆ రాసినోళ్ళ పేర్లూ ఊళ్ళూ ఉన్నాయా ఆ పిల్ల దగ్గర?"

అడిగాను. ఉన్నాయంది.

"అయితే ఇంటింటికీ చెప్పించాలి. చావు కబురు ఒకచోట అతికిస్తే ఎవరు చూస్తారు? ఇటియ్యి."

ఫోను నా చేతిలోంచి తీసుకుంది. తలకిందులుగా పట్టుకుంటే మా ఆవిడ సరిచేసింది.

"అమ్మా, నేను చెప్తాను, నువ్వు రాసుకో. ఒక్కొక్కళ్ళకీ పంపాలి, ఒక్కరినీ వదలకూడదు. మా అమ్మాయి..." అని ఆగింది.

ఇన్నేళ్ళలో అమ్మ, పోయిందన్న మాట ఒక్కసారి కూడా నోటితో అనలేదు. ఎవరడిగినా 'లేదు' అనేది. ఊరెళ్ళిందన్నట్టు. అటువైపు ఆ పిల్ల తొందరపెట్టలేదు.

"మా అమ్మాయి చచ్చిపోయింది. బాగుందని రాయకండి," అంది అమ్మ.

ఆ పిల్ల రాసుకుంటున్న చప్పుడు నాకూ వినబడింది. మెల్లగా అడిగింది.

"రాశాను పెద్దమ్మా. చివర్లో, ఈ మాట ఎవరు చెప్పారని రాయాలి. ఎవరని రాయను?"

అమ్మ నా వంక చూసింది. నేను తల దించుకున్నాను.

"కన్నతల్లి చెప్పిందని రాయమ్మా."