ఎక్కేవాళ్ళ గుర్తులు

కొండ ఎక్కడానికి సరదాపడి వచ్చేవాళ్ళంటే పెద్దమ్మకి చులకన. సైకిళ్ళేసుకుని వచ్చేవాళ్ళంటే ఒళ్ళుమంట. ఆఫీసులో కూర్చుని ఆ కొండకి మ్యాపులు గీసే మరిది, చెల్లెలి మొగుడంటే మాత్రం, ఆ రెండూ కలిపినా చాలనంత అసహ్యం.

నిజానికి ఆవిడ పెద్దమ్మ అయ్యేది చెల్లెలి కూతురికొక్కదానికే. కానీ కొండ కింద టీ కొట్టువాడి దగ్గర్నుంచి పై అధికారి దాకా అందరికీ ఆ పిలుపే అలవాటైపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆ కొండదారులు చూసుకునే ఉద్యోగం ఆవిడది. వానలు వెనకబట్టగానే కొడవలి పుచ్చుకుని పొదలు నరకాలి. కొట్టుకుపోయిన మెట్లకి రాళ్ళు పేర్చాలి. ముప్ఫై అడుగులకొకసారి రాయి మీదో, చెట్టు మొదలు మీదో ఎర్రరంగుతో గీత వెయ్యాలి.

నడిచేవాళ్ళని చూస్తే ఆవిడకి నవ్వాగదు. రెండు గంటల నడకకి రెండు చేతుల్లో రెండు కర్రలు, వీపున పదిరోజులకి సరిపడా మూట! పైకెక్కి చేసేదేమిటయ్యా అంటే, ఫోటో దిగి కిందికి రావడం. ఇక సైకిళ్ళవాళ్ళు సరేసరి. నెత్తిన గుమ్మడికాయంత టోపీ, మోకాళ్ళకి చిప్పలు, మోచేతులకి చిప్పలు. "సైకిలు తొక్కడానికి యుద్ధానికెళ్ళే వేషం దేనికిరా నాయనా!" అని మొహం మీదే అనేసేది. వాళ్ళు చెవుల్లో పాటలు పెట్టుకుని ఉంటారు కాబట్టి వినబడేది కాదు. అది ఇంకా మంట.

మరిదిగారి మ్యాపులో మొత్తం ఏడు దారులున్నాయి. వాటిలో ఒకటి మూడేళ్ళ కిందటే కొండచరియ విరిగిపడి పూడిపోయింది. ఇంకొకటి అసలు దారే కాదు, వాగు. పైనుంచి తీసిన ఫోటోలో తెల్లగా కనబడింది కదా అని దారి చేసి పారేశాడు మహానుభావుడు. ఏడింటి పక్కనా 'సులువు' అని అచ్చేయించాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ కొండ మీద కాలు పెట్టినవాడు కాదు. కుర్చీలోంచి చూస్తే ఏ కొండైనా సులువే మరి.

అలాంటివాడు ఆ నెలలో కొత్త కబురు తెచ్చాడు. పెద్ద దారిని ఇకనుంచి సైకిళ్ళకి కూడా తెరుస్తారట. కొండ అవతలి పక్క రోడ్డు మీదుగా వ్యాన్లలో సైకిళ్ళని శిఖరానికి చేర్చి, అక్కణ్ణుంచి ఈ దారిలో కిందికి వదుల్తారట. ఆదివారం ప్రారంభం. ముప్ఫైమంది వస్తారట. అందరికంటే ముందు తనే దిగి చూపిస్తానని పేపర్లవాళ్ళకి కూడా చెప్పుకున్నాడు.

ఆ ఉత్తరువు చదవగానే పెద్దమ్మకి ముందు తట్టింది గుర్తుల సంగతి. రాళ్ళ మీది గీతలన్నీ ఎక్కేవాళ్ళకి కనబడే వైపే ఉంటాయి. ఆవిడకి పని నేర్పిన ముసలాయన పద్ధతి అది. ఎక్కినవాడు వచ్చిన దారినే దిగుతాడు, వాడికి దారి గుర్తుంటుంది, కాబట్టి రాయి వెనక గీత దండగ అనేవాడు. పైనుంచి దిగేవాడికి ఈ కొండ మొత్తం మీద ఒక్క గుర్తు కనబడదు. దిగేవాడు వెనక్కి తిరిగి చూడడు కదా!

సగం దిగాక దారి రెండుగా చీలుతుంది. ఎడమది ఇరుకు, గతుకులు. అదే అసలు దారి. కుడిది వెడల్పుగా నున్నగా ఉంటుంది. ఒకప్పుడు లారీలు తిరిగిన బాట అది, మూతపడిన క్వారీ అంచుకి పోయి ఆగిపోతుంది. ఆ అంచు కింద నలభై అడుగుల లోతు. దారితప్పిన మేకలు పడకుండా పెద్దమ్మే ఏటా అంచుకి ముందు ముళ్ళకంప అడ్డం వేస్తూ వచ్చింది.

ఆవిడ ఆ రోజే ఆఫీసుకి వెళ్ళింది. మరిది గంటసేపు బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత లోపలికి పిలిచాడు.

"మరిదిగారూ, ఆ దారి కిందికి దిగడానికి పనికిరాదండీ. గుర్తులన్నీ..."

"వదినగారూ," అన్నాడాయన, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే. "మీరు రంగులెయ్యండి. దారుల సంగతి నాకొదిలెయ్యండి. ఇదంతా శాస్త్రీయంగా చేశాం."

"ఒకసారి వచ్చి చూడొచ్చుగా?"

"చూడ్డానికి మ్యాపుంది కదండీ!" అని పక్కనున్న గుమాస్తా వైపు చూసి కన్నుకొట్టాడు. గుమాస్తా నవ్వాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది పెద్దమ్మకి. అయినా శుక్రవారం రంగుడబ్బా పట్టుకుని దారి చీలే చోటికి ఎక్కింది. పని అలవాటు అలాంటిది. రాయి వెనకవైపు కూర్చుని మూత తీసింది, కుంచె ముంచింది. అప్పుడు గుమాస్తా నవ్వు గుర్తొచ్చింది. ముందు దిగేది మరిదే కదా! బొజ్జేసుకుని బ్రేకులు నొక్కుకుంటూ దిగుతాడు, వెడల్పు దారి చూసి మురిసిపోయి కుడివైపు తిప్పుతాడు, నేరుగా వెళ్ళి ముళ్ళకంపలో కూలబడతాడు. వెనక ముప్ఫైమంది, పేపర్లవాళ్ళు! తగిన శాస్తి. ఆ నిదానానికి కంప బాగానే ఆపుతుంది, ప్రాణానికేం కాదు. కుంచె డబ్బాలోనే వదిలేసి, డబ్బాని రాయి వెనక్కి తోసేసి చక్కా వచ్చేసింది. దారంతా తనలో తను నవ్వుకుంటూనే ఉంది.

ఆదివారం పొద్దున్నే కొండ కింద టీ కొట్టు బెంచీ మీద కూర్చుంది, వేడుక చూద్దామని. పదింటికి దుమ్ము రేపుకుంటూ కారొచ్చి ఆగింది. దాంట్లోంచి మరిది దిగాడు. ఇస్త్రీ మడత నలగలేదు.

"మీరేంటి ఇక్కడ?" అంది పెద్దమ్మ. టీ గ్లాసు చేతిలో ఆగిపోయింది.

"నడుం పట్టేసింది వదినగారూ. రిబ్బన్ కట్ చేసి కారెక్కేశా. మన అమ్మాయిని ముందు పంపించా. అది మహా జోరుగా తొక్కుతుంది తెలుసా! మీరు తిడతారని మీకు చెప్పలేదు. రెండేళ్ళనుంచి నేర్చుకుంటోంది."

పెద్దమ్మ గ్లాసు కింద పెట్టిందో పడేసిందో తెలీదు. ఆవిడ లెక్క బొజ్జవాడి నిదానానికి. జోరుగా వచ్చే పిల్లని ఆ కంప ఏం ఆపుతుంది? మేకలు ఎక్కే అడ్డదారిన, యాభై ఏడేళ్ళ మోకాళ్ళతో, చేతులతో గడ్డి పట్టుకుని పాకింది. "తల్లీ, ఆగు తల్లీ" అంటూనే ఉంది. ఆ మాట తన నోరు దాటి బయటికి వస్తోందో లేదో కూడా తెలియలేదు.

పిల్ల బతికే ఉంది. ఆఖరి క్షణంలో సైకిల్ని పక్కకి పడగొట్టి, కంపని చీల్చుకుంటూ జారి, అంచుకి జానెడు దూరంలో ఆగింది. మొహం నిండా గీరుకుపోయింది, కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకరగా వేలాడుతోంది. సైకిలు క్వారీలో ఉంది. వెనకొచ్చిన గుమ్మడికాయ టోపీలవాళ్ళు అప్పటికే పిల్లని ఎత్తి, దారి చీలే చోటికి తెచ్చి, ఆ రాయికే ఆనించి కూర్చోబెట్టారు. ఒకడు తన చొక్కా చింపి చేతికి కట్టు కడుతున్నాడు.

"ఎంత పనైపోయిందే తల్లీ! అంతా మీ నాన్న చేసింది. కుర్చీలో కూర్చుని గీతలు గీసే వెధవ..." అంటూ పెద్దమ్మ పిల్ల పక్కన కూలబడి ఏడ్చేసింది.

పిల్ల రాయి వెనక్కి చూస్తోంది. అక్కడ రంగుడబ్బా ఉంది, మూత లేకుండా. కుంచె అందులోనే ఎండి నిలబడిపోయి ఉంది.

"ఎప్పుడొచ్చావు పెద్దమ్మా ఇక్కడికి?"

పెద్దమ్మ ఆ పిల్లతో ఎన్నడూ అబద్ధమాడలేదు. "శుక్రవారం."

"మరి వెయ్యలేదేం?"

"ముందు మీ నాన్న దిగుతాడనుకున్నానే. బుద్ధొస్తుందని..."

పిల్ల తలెత్తి ఆవిణ్ణి చూసింది. పెద్దమ్మ ఆ చూపుని ఇట్టే గుర్తుపట్టింది. ఇరవై రెండేళ్ళుగా తను అందరినీ చూసే చూపే అది.

"నాన్నకి తెలీదు పెద్దమ్మా," అంది పిల్ల. "నీకు తెలుసు."

పెద్దమ్మ లేవదియ్యబోతే చెయ్యి ఇవ్వలేదు. గుమ్మడికాయ టోపీవాడి భుజం పట్టుకుని లేచి, ఎడమదారిలో ఒక్కో అడుగూ వేసుకుంటూ దిగసాగింది. మిగతావాళ్ళు సైకిళ్ళు నడిపించుకుంటూ వెంట వెళ్ళారు. పెద్దమ్మ కుంచె పీకింది, పైన పెచ్చుకట్టిన రంగుని గోటితో గీకి, అడుగున మిగిలిన తడిలో ముంచి, రాయి వెనక ఇంత పొడుగున ఎర్రగీత వేసింది. తర్వాత ఇంకో రాయికి, ఆ తర్వాత ఇంకో రాయికి, వాళ్ళ వెనకే దిగుతూ వేసుకుంటూ పోయింది.

మలుపు తిరిగేదాకా ఆ పిల్ల ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. దిగేవాళ్ళు వెనక్కి తిరగరని ఆవిడకి అందరికన్నా బాగా తెలుసు.