వాసెన ముడి

పొద్దున లేచి, మొకం కడుక్కుని, చాయ తాగాక రాజమణి చేసే మొదటి పని మిల్లు షెడ్డులో చాపలు పరచడం. సకల జనుల సమ్మె మొదలై జనగామంతా బందయినా, వాళ్ల పత్తి మిల్లు యంత్రాలు ఆగిపోయినా, ఈ పని మాత్రం ఆగలేదు. తమ్ముడు రామచందర్‌కు, గుమాస్తాలకు, వాచ్‌మన్ పోశాలుకు, తనకు తలా ఒకటి వేసి, చివరన గోడ పక్కన ఇంకొకటి వేసేది. అది గణపతి చాప. గణపతి చనిపోయి ఒక ఎండాకాలం, ఒక వానకాలం గడిచాయి. అయినా రోజూ వచ్చి కూర్చునే మనిషికి చాప వెయ్యకపోతే ఎట్లా?

అందరూ కళ్లు మూసుకుని నిమ్మళించాక దూలాల మీది నుంచి దూది నూగు రాలేది. తలల మీద, భుజాల మీద పడేది. చివరి చాప మీద మాత్రం గాలిలోనే ఆగేది. ముందు మడిచిన మోకాళ్లు, తర్వాత ఒడి, తర్వాత భుజాలు, తల. కళ్లు తెరిచేసరికి అక్కడ తెల్లటి మనిషి కూర్చుని ఉండేవాడు. మొకం ఉండేది కాదు. ముక్కు ఉండాల్సిన చోట నూగు కొంచెం లోపలికి పోయేది. మళ్లీ బయటికి రాకుండా అక్కడే నిలిచిపోయేది.

"గణపతి ఇయ్యాల జర జల్దొచ్చిండు" అనేవాడు పోశాలు, చాప దులపడానికి లేస్తూ. రాజమణి చీపురు అందుకునేది.

ఈ కూర్చోవడం రామచందర్ పెట్టిందే. ఒకప్పుడు అతను కోపం వస్తే తూకం రాయి విసిరేవాడు. కంపెనీలు నడిపేవాళ్లకని హైదరాబాదులో పెట్టిన ధ్యానం తరగతులకు పోయి, ఊపిరిని గమనించడం నేర్చుకుని వచ్చాడు. హమాలీలు మొదట నవ్వారు. సేటు కూర్చునే నిద్రపోతున్నాడని చెప్పుకున్నారు. మెల్లమెల్లగా అతని గొంతు తగ్గింది. లారీ డ్రైవర్లకు, హమాలీలకు పడకపోతే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, కాసేపు కళ్లు మూయించి, ఆ తర్వాతే మాట్లాడించేవాడు. బందు రోజు షట్టర్ల కాడ దుకాణదార్లకు, ఉద్యమం పిల్లలకు కొట్లాట అయితే అతనే పోయి సర్దాడు. నర్సింహులపేట నుంచి కూడా పంచాయితీలకు పిలిచేవారు. రామచందర్ పక్కన కూర్చుంటే చెట్టు నీడన కూర్చున్నట్టు ఉంటుందని జనం అనేవారు. అది అబద్ధం కాదు.

ఒక్క గణపతి మాట వస్తే ఆ నీడ చల్లగా కాకుండా గడ్డకట్టినట్టు ఉండేది.

గణపతి ఈ మిల్లు హమాలీయే, నర్మెట్ట దగ్గరి తండా మనిషి. చలికాలం చివర్లో ఒక బందు రోజున పత్తి కుప్ప కింద శవమై దొరికాడు. ఆ రోజు మిల్లు మూసే ఉందని, గణపతి తాగి వచ్చి కుప్ప పక్కన పడుకుంటే అది మీద కూలిందని రామచందర్ చెప్పాడు. ఎంత నెమ్మదిగా చెప్పాడంటే పోలీసులు నమ్మారు, ఊరు నమ్మింది. తండా నమ్మలేదు. నిజం చెప్పేదాకా ఒక్కరం కూడా మిల్లు గడప తొక్కం అన్నారు. చుట్టుపక్కల తండాలు కూడా వాళ్ల వెంటే నిలబడ్డాయి. రేపో మాపో సమ్మె ముగుస్తుంది, కొత్త పత్తి దిగుతుంది, ఎత్తే చెయ్యి ఉండదు. రామచందర్ కబురు పెట్టాడు. గణపతి తండ్రి దస్రు రావడానికి ఒప్పుకున్నాడు. అయితే ఒక మాట అన్నాడు, సేటు చెప్పింది తాను వినడని, ఆ దినం ఏం జరిగిందో ఎన్నడూ అబద్ధమాడని రాజమణమ్మ చెప్తే వింటానని.

రాజమణికి చిక్కు వచ్చింది అక్కడే. కొన్నాళ్లుగా ఆమెకు పొయ్యి మీద పెట్టింది యాదికి ఉండటం లేదు. పక్కింటి పిల్ల పేరు నాలుక మీదికి వచ్చి జారిపోతోంది. పెట్టె తెరిస్తే ఆకుపచ్చ చీర సగమే ఉంది. మిగతా సగం ఎవరికి ఇచ్చిందో ఎంత తడుముకున్నా దొరకదు.

"ఆ దినం నేను ఏడున్న తమ్మి?" అని అడిగింది.

"ఇంట్లనే ఉన్నవక్క. తలనొస్తుందని పండుకున్నవు. గవన్నీ తవ్వుకోకు. పోయినదాన్ని పోనియ్యాలె. గదే శాంతి."

అతను ప్రేమగానే అన్నాడు. కానీ తాను వదలకుండానే అన్నీ ఒక్కొక్కటిగా జారిపోతున్న మనిషికి ఆ మాట భయం పుట్టించింది. అయినా తల ఊపింది. పండుకునే ఉంటుంది, తమ్ముడు చెప్తున్నాడు కదా.

దస్రు తన కోడలు, గణపతి పెళ్లాం రాజీని వెంటబెట్టుకుని వచ్చాడు. రాజీ ఎవరినీ అడగకుండా పోయి గోడ పక్క చాపకు ఆనుకుని కూర్చుంది. మాట్లాడుకునే ముందు అందరం కాసేపు కళ్లు మూసుకుందామని రామచందర్ అన్నాడు.

"నేను మూస్తే నా కొడుకు కనిపిస్తడు సేటు" అన్నాడు దస్రు. "నీకేం కనిపిస్తది?"

"ఏం కనిపియ్యది దస్రు."

"మంచిగున్నది నీ పని."

అందరూ కళ్లు మూసుకున్నారు. నూగు రాలింది. కళ్లు తెరిచేసరికి గణపతి ఉన్నాడు, కానీ ఈసారి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. రాజీ తన భాషలో ఏదో గొణుగుతూ, పని నుంచి వచ్చిన మొగుని భుజం దులిపినట్టు ఒక చేత్తో దులుపుతోంది. ఎప్పుడూ గోడ వైపు ఉండే తల వెనుక భాగం ఇప్పుడు రాజమణికి ఎదురుగా ఉంది. మెడ మీద, నూగులోనే, ఒక గుడ్డ ముడి తేలింది.

రాజమణి లేచి దగ్గరికి పోయింది. రెండు మెలికలు ఒకదాని కింద ఒకటి, కొస లోపలికి దోపి ఉంది. తొక్కు జాడీ మూతికి గుడ్డ చుట్టి వాసెన కట్టేటప్పుడు వేసే ముడి. నాయనమ్మ నేర్పింది. ఈ ఇంట్లో ఇంకెవరికీ రాదు. ఆమె బుర్రకు తట్టకముందే వేళ్లకు తట్టింది. అవి గాలిలో మెలికలు తిప్పడం మొదలుపెట్టాయి. వాటి వెంటే ఆ పొద్దు వచ్చింది. తడి పత్తి మగ్గిన వాసన, వెనక తలుపు, దగ్గుతూ నిలబడ్డ గణపతి. చర్రుమని ఆకుపచ్చ చీర చింపి అతని ముక్కుకూ మూతికీ కట్టి, ఊపిరాడుతుందా నాయినా అని అడిగింది. అతను గుడ్డ లోపలి నుంచే నవ్వాడు. "నన్ను తొక్కు జాడీ జేస్తివి గదమ్మా" అన్నాడు.

"నేను పండుకోలే" అంది రాజమణి. గొంతు పెద్దగా లేదు, కానీ షెడ్డంతా వినబడింది. "ఎనక తలుపు నేనే తీసిన తమ్మి. ముందటి తలుపు తీస్తే బందోళ్లు చూస్తరని నువ్వంటే తీసిన. నువ్వు పిలిస్తెనే వచ్చిండు." దస్రు వైపు తిరిగింది. "తాగి రాలే దస్రూ. నా చేతి చాయ తాగి లోపలికి పోయిండు."

అక్కకు మతిమరుపు అని చెప్పడానికి రామచందర్ నోరు తెరిచాడు. ఊపిరి లోపలికి పోయింది, బయటికి రాలేదు. చుట్టూ తేలుతున్న నూగు అతని పెదవుల వైపు మళ్లి, అక్కడే నిలిచింది. గోడ పక్కన గణపతిది ఎట్లా నిలిచేదో అట్లాగే. అతని మొకం నల్లబడింది. ఎవరూ కదలలేదు. దస్రు అతని కళ్లలోకే చూస్తున్నాడు.

"నేనే పిలిచిన" అన్నాడు రామచందర్ చివరికి, ఉన్న ఊపిరంతా ఆ మాటకే పెట్టి. "కుప్ప వేడెక్కి పొగజిమ్ముతుండె. కింది నుంచి లాగుమన్న. నేనే."

అప్పుడు అతనికి ఊపిరి వచ్చింది, దానితో ఏడుపు వచ్చింది. ఇన్నేళ్లు నేర్చుకున్న నెమ్మది ఏదీ అడ్డం రాలేదు.

రాజమణి వంగి, దోపిన కొసను గోటితో లాగింది. ముడి విడింది. పొడవాటి ఊపిరి ఒకటి షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకు పోయింది. గణపతి మెల్లగా కుప్పగా కూలి, చాప మీద ఉత్త దూది అయ్యాడు. రాజీ ఆ దూదిని ఒక పోగు కూడా వదలకుండా కొంగులో మూట కట్టుకుంది.

ఆ సాయంత్రమే రామచందర్ తండాకు పోయి అందరి ముందు ఆ మాట మళ్లీ చెప్పాడు. తర్వాత ఠాణాలో చెప్పాడు. కేసయింది, కోర్టు చుట్టూ తిరిగాడు, ఎవరినీ తిట్టుకోలేదు. వెనక తలుపుకు ఇటుకలు పేర్పించాడు. పొద్దున చాపల మీద కూర్చోవడం మానలేదు గానీ, కళ్లు మూసే ముందు గణపతి పోయిన దినం తానేం చేశాడో పైకి చెప్పి మరీ మూసేవాడు. కొత్త పత్తి దిగిన రోజున తండా నుంచి అందరికంటే ముందు వచ్చింది దస్రే. మొకాలకు గుడ్డలు ఇస్తేనే కుప్ప ముట్టుకుంటామన్నాడు.

గుడ్డలు రాజమణి కట్టేది. రాను రాను ఆమె యాదిలోంచి ఇంటి దారి పోయింది, నెలల పేర్లు పోయాయి, తమ్ముని పేరు కూడా పోయింది. ఆ ముడి మాత్రం పోలేదు. హమాలీలు వరుసగా వచ్చి వీపు తిప్పి నిలబడితే ఒక్కొక్కరికీ కట్టి, ఊపిరాడుతుందా నాయినా అని అడిగేది. ఆడుతుందమ్మా అంటేనే లోపలికి పోనిచ్చేది.

అందరూ పోయాక గోడ పక్క చాప దగ్గరికి వచ్చేది. ఎవరూ లేని చోట చేతులు చాపి, వేళ్లతో మెలికలు తిప్పి, కొస దోపి, అదే మాట అడిగి ఆగేది. అక్కడ తేలుతున్న నాలుగు దూది పోగులు కొంచెం లోపలికి పోయి, మెల్లగా బయటికి వచ్చేవి.