పిండి చేతుల సంతకం

పుప్పాలగూడలో దిగిన రోజు నా చేతిలో ఉన్నవి మూడు. అమ్మ కొనిచ్చిన రెండు లీటర్ల గ్రైండరు, ప్రొద్దుటూరు నుంచి బస్సు మీద వేసుకొచ్చిన పాతిక కిలోల ఉద్దిపప్పు, పదో తరగతిలో నేర్చుకున్న ఒక సంతకం. మొదటి రెండూ పెట్టుబడి అని తెలుసు. మూడోదాన్ని అప్పుడు లెక్కలోకి తీసుకోలేదు.

అదేమంత అందమైన సంతకం కాదు. జయమ్మ అని తెలుగులో రాసి, కింద పొట్టి గీత. పరీక్ష హాల్ టికెట్ మీద సంతకం చేయాలని మేడమ్ చెబితే, ముందురోజు నోటుబుక్కు చివరి పేజీ నిండా రాసి చూసుకున్నా. మా ఇంట్లో వేలిముద్ర వేయకుండా సంతకం చేసిన మొదటి ఆడమనిషిని నేనే. ఆ పేజీని మా అమ్మ చింపనీయలేదు. చాలాకాలం బియ్యం డబ్బాలో పెట్టుకుంది, ఎందుకో మరి.

పంతొమ్మిదేళ్ళ కిందటి మాట. అప్పటికి పుప్పాలగూడ అంటే బండరాళ్ళు, ఎర్రమట్టి, నీళ్ళ ట్యాంకరు హారన్. అవతల అద్దాల బిల్డింగులు లేస్తుండేవి. వాటిల్లో ఉద్యోగాలకొచ్చిన పిల్లలు నలుగురైదుగురు కలిసి గదులు తీసుకుని ఉండేవాళ్ళు. వాళ్ళకు ఇడ్లీ తినాలనుంటుంది, రుబ్బే తీరిక లేదు. ఆ సంగతి కనిపెట్టింది నేనే. మా ఆయన ఓబులేసు అప్పుడు ఒక అపార్టుమెంటు కట్టేచోట స్టోర్ చూసేవాడు. 'పిండి ఎవరన్నా కొంటారా జయా? ఎవరింట్లో వాళ్ళు రుబ్బుకుంటారు గానీ' అని నవ్వినాడు. మొదటిరోజు ఆరు ప్యాకెట్లు అమ్మినాం. నెల తిరిగేసరికి అరవై. ఆయన స్టోర్ పని మానేసి కౌంటర్ మీద కూర్చున్నాడు. ఆడవాళ్ళకైతే బ్యాంకులోను సులభమని లోను, లైసెన్సు, సరుకు బిల్లులు అన్నీ నా పేరు మీద తీసుకున్నాం. బోర్డు రాయించేటప్పుడు మాత్రం మా అత్త పార్వతమ్మ ఊరి నుంచి ఫోను చేసి, 'మగోడు ఉండగా ఆడమనిషి పేరు గోడెక్కడం ఏం బాగుంటుంది' అన్నది. అందుకని బోర్డు మీద 'ఓబులేసు ఇడ్లీ దోసె పిండి' అని రాయించినాం. కాగితాల మీద నేను, గోడ మీద ఆయన. సరుకు నడుస్తోంది కదా, పేరుదేముందిలే అనుకున్నా.

నా రోజు నాలుగున్నరకు మొదలయ్యేది. పప్పు వేడెక్కకుండా ఐసు నీళ్ళు పోస్తూ రుబ్బాలి, చేత్తో కలిపితేనే పిండి పొంగుతుంది, గరిటెతో కలిపితే అంత బాగా లేవదు. మోచేతుల దాకా పిండి. సరిగ్గా అప్పుడే సరుకు బండి వచ్చేది. డ్రైవరు చీటీ పట్టుకుని, 'అమ్మ సంతకం కావాలె' అనేవాడు. నేను చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చేలోపల వాడు నాలుగుసార్లు హారన్ కొట్టేవాడు. ఒకరోజు నేనే మా ఆయనతో అన్నా, 'నువ్వే పెట్టెయ్యరాదా, నా చేతులు ఖాళీ లేవు' అని. ఆ మధ్యాహ్నం ఇద్దరం పాత న్యూస్ పేపరు ముందేసుకుని కూర్చున్నాం. నేను రాసి చూపిస్తే ఆయన దిద్దినాడు. అక్షరాలు బాగానే కుదిరినాయి. కింద గీత మాత్రం పొట్టిగా రాలేదు, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పోయింది. 'అది సంతకమా, బోర్డు కింద గీసిన బార్డరా' అని నేను నవ్వితే, 'నీ పేరు నేలన పడకుండా అరుగు కట్టినా' అన్నాడు. మా కాపురంలో మేమిద్దరం పడీపడీ నవ్విన మధ్యాహ్నాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో అదొకటి. ఇప్పటికీ తలుచుకుంటే ముందు నవ్వే వస్తుంది, తర్వాతే మిగతాది.

ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళలో నా సంతకాన్ని నాకంటే ఆయనే ఎక్కువసార్లు పెట్టి ఉంటాడు. అయితే ఒక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం చేతులు కడుక్కున్నాక చీటీలన్నీ నా ముందు పెట్టేవాడు. బస్తాలెన్ని, తూకమెంత, బండి ఎన్నింటికి దిగింది అన్నీ నేను చూసి ఇనుపచువ్వకు గుచ్చేదాన్ని. నేను చూడని చీటీ చువ్వకెక్కేది కాదు.

పోయిన ఏడాది, నా నలభై రెండో ఏట, నెలసరిలో రక్తం ఆగకుండా పోవడం మొదలైంది. ఐటీ కారిడార్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి పోయినాం. కేసు నడుస్తోంది కాబట్టి పేరు రాయను. గర్భసంచిలో రెండు గడ్డలున్నాయి, అవి తీసేస్తే చాలన్నారు. గడ్డలు మాత్రమేనా అని అడిగినా. మాత్రమే అన్నారు. ముందురోజు సాయంత్రం కాగితం చదివించుకుని నా చేత్తో నేను సంతకం పెట్టినా. కింద పొట్టి గీత.

మెలకువ వచ్చాక, 'గడ్డలు తీసేసినారు, ఇంక బాధ లేదు' అన్నాడు ఆయన. పన్నెండో రోజుకి పిండిలో చెయ్యి పెట్టినా. అందరూ నా గట్టితనాన్ని మెచ్చుకున్నారు గానీ ఇంకో వారం పడుకోమన్నవాళ్ళు లేరు. నెలసరి రాకపోతే, ఆపరేషన్ అయింది కదా, కుదురుకుంటుందిలే అనుకున్నా. తర్వాత ఒంట్లోంచి ఆవిర్లు లేవడం మొదలైంది. ఐసు నీళ్ళల్లో చేతులున్నా మెడ మీద చెమట కారేది. నిద్ర పోయింది. మోకాళ్ళు, నడుము నావి కానట్టే ఉండేవి. అత్త మాత్రం, 'ఈ వయసుకే ఇంత మెత్తబడితే ఎట్లా' అన్నది. అయిదు నెలలు ఓర్చుకుని, మణికొండలో చిన్న క్లినిక్ నడిపే లేడీ డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే పోయినా. ఆమె స్కాన్ చూసి మామూలుగా అడిగింది.

"గర్భసంచీ, అండాశయాలు రెండూ ఎప్పుడు తీయించుకున్నారమ్మా?"

నేను తీయించుకోలేదన్నా. ఆమె స్క్రీను నా వైపు తిప్పింది. ఖాళీ గోదాము చూపించినట్టు చూపించింది.

ఇంటికి వచ్చి అడిగితే ఆయన తలెత్తలేదు. ఆపరేషన్ మధ్యలో నర్సు బయటికి వచ్చి, మొత్తం తీసేస్తే మళ్ళీ రాదు, డాక్టరు గారు చెప్పమన్నారు, వెంటనే సంతకం కావాలి అన్నదట. నువ్వు బాధపడతావని చెప్పలేదన్నాడు. అత్తకు తెలుసు, మా మరిదికి తెలుసు. ఊళ్ళో పక్కింటివాళ్ళకు కూడా తెలుసట. 'ఇద్దరు పిల్లలు పుట్టి పెద్దోళ్ళయినారు, ఇంక దాంతో నీకేం పని' అన్నది అత్త ఫోనులో. నా గోదాములో ఖాళీ గోనెసంచి ఒకటి తీసుకుపోవాలన్నా పక్క కొట్టాయన నన్ను అడిగి తీసుకుపోతాడు. ఆ మాట అత్తకు చెప్పలేదు. ఫోను పెట్టేసి పప్పు నానబోసినా.

నా దగ్గర ఏడేళ్ళుగా పనిచేస్తున్న మల్లమ్మ నన్ను చూసి ఊరుకోలేదు. నా దగ్గరికి రాకముందు ఆమె ఒక దవాఖానలో హౌస్ కీపింగ్ చేసింది. ప్యాకెట్లకు సీలు వేస్తూనే చెప్పింది. "ఏడిస్తే ఏమొస్తది అక్కా. నీ ఫైలు నువ్వు అడుగు. నోటితోని కాదు, కాయిదం మీద రాసి అడుగు. మూడు దినాలల్ల ఇయ్యాలె. రాసి ఇచ్చినోళ్ళకు అప్పుడు దవాఖానల మమ్ముల ఉరికిచ్చి ఉరికిచ్చి తెప్పిచ్చి ఇస్తుండ్రి."

రాసి ఇచ్చి, నకలు మీద వాళ్ళ ముద్ర వేయించుకున్నా. మూడోరోజు డెబ్భై పేజీల ఫైలు వచ్చింది. మధ్యాహ్నం కౌంటరు వెనక కూర్చుని, సరుకు చీటీలు చూసినట్టే ఒక్కో పేజీ తిప్పినా. ఇంగ్లీషు అంతా అర్థం కాదు, అంకెలు అర్థమవుతాయి. నాకు మత్తు ఇచ్చిన టైము పది గంటల పదిహేను. గర్భసంచి తీయడానికి ఒప్పుకుంటున్నట్టు ఇంకో కాగితం ఉంది. దాని మీద నర్సు రాసిన టైము పదకొండు నలభై. దాని కింద సంతకం ఓబులేసు అని లేదు. జయమ్మ అని ఉంది. కింద గీత ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఉంది.

మా పిండి వాడే శ్రీలత గారు వినియోగదారుల కేసులు చూసే వకీలు. మా ఎదురు అపార్టుమెంటులోనే ఉంటుంది. ఫైలు చూసి, ఉన్న దారులు చెప్పింది. డాక్టరు మీద మెడికల్ కౌన్సిల్‌కు రాయొచ్చు, అది లైసెన్సు సంగతి చూస్తుంది. నష్టానికి పరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్, రెండేళ్ళలోపు వేయాలి. వేరే డాక్టరు అభిప్రాయం రాతపూర్వకంగా జతచేస్తే బలం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప, తెలివిలో ఉన్న ఆడమనిషి ఒంటికి ఆమె ఒప్పుకోలే ఒప్పుకోలు, మొగుడి సంతకం చెల్లదు అన్నది. "మిమ్మల్ని లేపి, చెప్పి, ఇంకోరోజు అడగొచ్చు కదా జయమ్మ గారూ. అక్కడ తొందరేమీ లేదు, ఫైల్లోనే ఉంది" అన్నది. పంతొమ్మిదేళ్ళలో నేను విననిది ఆ మాట. లేపి అడగొచ్చు.

శ్రీలత గారు నోటీసు పంపిన నెల రోజులకు ఆసుపత్రివాళ్ళు మనిషిని పంపినారు. బిల్లు వాపసు, పైన ఇంకొంత. ఒకటే షరతు. రెండో కాగితం మీద సంతకం కూడా నాదేననీ, ముందే పెట్టాననీ, నర్సు టైము తప్పు రాసిందనీ నేను రాసి ఇవ్వాలి. వ్యాపారిని కాబట్టి బేరాన్ని తోసెయ్యలేదు, ఆలోచించి చెబుతానన్నా. బేరానికి ఒప్పుకోకపోతే ఆ సంతకం ఎవరిదో నేనే చెప్పాలి. అప్పుడు వాళ్ళ వకీలు మా ఆయన మీద పడతాడనీ, దొంగ సంతకం అంటాడనీ శ్రీలత గారు దాచకుండా చెప్పింది. అట్లా ఏమీ కాదని మాట మాత్రం ఇవ్వలేదు.

ఆ మధ్యాహ్నం షట్టరు సగం దించి ఆయనకు విషయం చెప్పినా. ఆయన త్రాసు పళ్ళెం తుడుస్తూ విన్నాడు. "డబ్బులు తీసుకుందాం జయా. రాసిచ్చేయ్. పోయిందెట్లా తిరిగి రాదు" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపేసరికి ఆయన గొంతు మారింది.

"నేను నీ సంతకం పెట్టడం ఇదే మొదటిసారా? నువ్వే కదా నేర్పినావు."

అది అబద్ధం కాదు. న్యూస్ పేపరు, ఆ నవ్వు, అరుగు కట్టినానన్న మాట, అన్నీ కళ్ళ ముందుకొచ్చినాయి. నేను నేర్పినమాట నిజం. నా చేతులు ఖాళీ లేవని ఇచ్చినా. నా చేతులెప్పుడూ ఎందుకు ఖాళీ లేవని ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. ఆయన ఒక్కరోజు పిండి కలిపి, నేను ఒక్కరోజు కౌంటరులో కూర్చుని ఉంటే ఆ పాఠం అవసరమే పడేది కాదు. మేము దానికి సర్దుబాటు అని పేరు పెట్టుకున్నాం.

చువ్వ తీసి ఆయన ముందు పెట్టినా. "నువ్వు పెట్టిన ప్రతి సంతకం మధ్యాహ్నానికి నాకు చూపించినావు. ఇదొక్కటీ చూపించలేదు. ఏమయ్యా, అరకిలో పప్పు తగ్గితే చెప్పేవాడివి కదా" అన్నా. ఆయన చువ్వ వైపు చూసినాడు గానీ నా వైపు చూడలేదు.

ఆ సాయంత్రమే శ్రీలత గారి ఇంటికి పోయి, బేరం వద్దు, కేసు వేద్దాం అన్నా. అయిదో రోజు ఉదయం శ్రీలత గారు ఫిర్యాదు కాగితాలు పట్టుకుని దుకాణానికే వచ్చింది, కోర్టుకు పోయే దారిలో. రెండో కాగితం మీద సంతకం నా భర్తది, అప్పటికి నేను మత్తులో ఉన్నాను అని తెలుగులో నేను చెప్పింది చెప్పినట్టే రాసింది. ప్రతి పేజీ కింద సంతకం కావాలన్నది. నేను మోచేతుల దాకా పిండిలో ఉన్నా. కౌంటరు ముందు నలుగురు నిలబడి ఉన్నారు. ఆయన చెయ్యి అలవాటు కొద్దీ కౌంటరు మీది పెన్ను దాకా పోయింది. పెన్ను తీసుకోలేదు గానీ, చెయ్యి వెనక్కి తీసుకోవడానికీ తోచలేదు.

"ఉండు. చేతులు కడుక్కుని వస్తా" అన్నా.

పిండి మోచేతుల మీద ఎండితే తొందరగా పోదు. గోళ్ళ సందుల్లోంచి కూడా తీసినా. బయట ఎవరో ఎంతసేపమ్మా అన్నారు. ఆగమని మల్లమ్మ చెబుతోంది. తుడుచుకుని వచ్చి పద్నాలుగు పేజీల మీద పద్నాలుగు సంతకాలు పెట్టినా. మొదటివి వంకరపోయినాయి, నాలుగో పేజీకి చెయ్యి దారిలో పడింది. కింద పొట్టి గీత.

నేను అయ్యాక, "నాకేదన్నా పేజీ ఉందా మేడమ్" అన్నాడు ఆయన, శ్రీలత గారితో, చాలా మెల్లగా. ఉందన్నది. నర్సు అడిగిందనీ, నా సంతకం తనే పెట్టాననీ ఒప్పుకునే ప్రమాణపత్రం. ఆమె దాన్ని అంతకుముందే సిద్ధం చేసుకుని, పైకి తీయకుండా సంచిలో ఉంచుకుంది. నోటరీ ముందు పెట్టాలి, నాతో రండి అన్నది. ముందు ఒకసారి దిద్దుకోనివ్వండి అని ఆయన, పిండి ప్యాకెట్ల అట్టముక్క మీద తన పేరు రాసి చూసుకున్నాడు. ఓబులేసు అని మూడుసార్లు రాస్తే మూడూ మూడు రకాలుగా వచ్చినాయి. నా సంతకం అయితే కళ్ళు మూసుకుని పెడతాడు. నాకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది కానీ మధ్యలోనే ఆగిపోయింది. ఆయన శ్రీలత గారి బండెక్కి పోతే, ఆ పూట కౌంటరులో నేను కూర్చున్నా, పిండి మల్లమ్మ కలిపింది.

కేసు ఎన్నేళ్ళు పడుతుందో, ఎంత వస్తుందో, వస్తుందో రాదో తెలియదు. ఈ రోజుకి నిల్వ ఇది. గ్రైండర్లు మూడు. మోకాళ్ళు రెండూ అరువుకు తెచ్చుకున్నట్టే ఉన్నాయి. గర్భసంచి లేదు, దాన్ని ఏ ఖాతాలో రాయాలో నాకింకా తెలియలేదు. కేసు నంబరు ఒకటి ఉంది. సరుకు బండి ఇప్పుడూ అదే టైముకు వస్తోంది. హారన్ కొడుతుంది, ఆగుతుంది. నేను చేతులు కడుక్కునేదాకా.