అమావాస్య నాటి ఫొటో

మా ఎమ్మిగనూరులో అమావాస్య నాడు నేతగాళ్లు మగ్గమెక్కరు. ఆ సంగతి చిన్న పిల్లలకూ తెలుసు. ఆదోని నుంచి ట్యాబు పట్టుకొచ్చిన సర్వే సారు భరత్‌కూ తెలుసు. తెలుసు కాబట్టే ఆ రోజు వచ్చాడు, అందరూ తీరిగ్గా ఇళ్లలో దొరుకుతారని.

నేతగాడు మద్దిలేటి ఇంటికెళ్లి అతని మగ్గాన్ని ఫొటో తీశాడు. 'మగ్గం ఆడుతోందా?' అని ట్యాబు అడిగింది. 'లేదు' అని నొక్కేశాడు మహానుభావుడు.

"సార్, ఈ పొద్దు అమాస. రేపు రాండి, ఆడించి సూపిస్తా," అన్నాడు మద్దిలేటి.

"అమావాస్య అని రాయడానికి దీంట్లో గడి లేదప్పా," అన్నాడు సారు, అదేదో తన గొప్పయినట్టు.

నేను చేనేత సొసైటీలో ముప్పై ఏళ్లుగా గుమాస్తాను. పాత రిజిస్టరులో ఇలాంటివి అంచున పెన్సిలుతో రాసేవాణ్ణి. 'అమావాస్య, సెలవు.' 'కోడలి పురుడు, పది రోజులు మగ్గం లేదు.' కంప్యూటరు వచ్చిన వారమే ఆ రిజిస్టర్లను పాత కాగితాలవాడికి తూకానికి వేశారు. వేసి, పక్కన నిలబడి ఫొటోలు కూడా దిగారు, సిగ్గులేని మనుషులు!

మరుసటి నెల మద్దిలేటి నూలు కోసం వచ్చాడు. అతని నేత కార్డు నంబరు కంప్యూటర్లో కొట్టాను. 'మగ్గం పనిచేయడం లేదు, కార్డు రద్దు' అని వచ్చింది.

"అన్నా, నేను నేసిన సీర మొన్ననే నీ చేతికిస్తి కదా! నీకు తెల్దా?"

తెలుసు. ఆ చీర నా వెనక బీరువాలోనే ఉంది. కానీ కంప్యూటరు చీటీ ఇవ్వనిదే నూలు ఇవ్వకూడదట. నేనివ్వలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా ఇవ్వలేదు. అతను ఆదోని ఆఫీసుకు మూడుసార్లు తిరిగాడు. మూడుసార్లూ "మళ్లీ సర్వే వస్తుందిలే" అన్నారు.

నాలుగు నెలలకు వచ్చింది. ఈసారి నేనే పంచాంగం చూసి రోజు చెప్పి, సారు వెంట వెళ్లాను. మద్దిలేటి లేడు. మగ్గం మీద ఒక్క పోగు లేదు. కాళ్లు పెట్టే గుంటలో పొయ్యి కట్టెలు పేర్చి ఉన్నాయి.

"నూలు లేక ఏం నేస్తాడు సార్? గోనెగండ్ల కాడికి పత్తి తీయను పోయినాడు," అంది అతని భార్య హంపమ్మ.

భరత్ సారు ట్యాబు నా వైపు తిప్పి పళ్లికిలించాడు.

"చూశారా? సిస్టం ఆ రోజే చెప్పింది."

మళ్లీ 'లేదు' అని నొక్కాడు. ఈసారి అది నిజమే. నిజం చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.