నందిగామ పలకడం లేదు

మా విత్తనాల కంపెనీకి మూడు డిపోలు: చిల్లకల్లు, కీసర, నందిగామ. హెడ్డాఫీసు జగ్గయ్యపేట. కంప్యూటర్లన్నిటికీ వైద్యుణ్ణి నేనే, చంద్రమౌళిని. పొద్దున తొమ్మిదిన్నరకి డిపోలకి ఫోన్ చేసి, అవి నడుస్తున్నాయో లేదో కనుక్కోవడం నా మొదటి పని.

“చిల్లకల్లూ, నెట్టుకి చిల్లేమీ పడలేదుగా?” “కీసరా, ‘కీ’లన్నీ సరేనా?” అని రెంటినీ రెండు ముక్కల్లో ముగించి, నందిగామకి మాత్రం ఇరవై నిమిషాలు మిగుల్చుకునేవాణ్ణి. అక్కడ డేవిడ్‌రాజు ఉంటాడు.

“నంది లేచిందా డేవిడూ?”

“లేచింది గానీ రంకె వెయ్యట్లా. మీ జగడాలపేటలో ఏంటి సంగతులు? ఏం తిన్నావ్?”

ఏం తిన్నావని నన్నడిగే మనిషి భూమ్మీద అతనొక్కడే. ఇంట్లో నేను ఒంటిగాణ్ణి. ఒంట్లో బాగా లేకపోయినా ఒంటరిగా మూలగాల్సిందే.

అయినా నా తెలివి ఊరుకోదుగా! ఓ ఆదివారం తోచక పదిహేను వరసల చిన్న ప్రోగ్రాం రాశాను. ఆఫీసు వేళల్లో ఐదు నిమిషాలకోసారి ఒక్కో కంప్యూటర్నీ ‘ఉన్నావా?’ అని పిలుస్తుంది. ఆ పిలుపు పేరు పింగ్, పింగాణీ పళ్లేన్ని గోటితో మీటినట్టు. ‘ఉన్నా’ అని జవాబొస్తే నా తెర మీద పచ్చ చుక్క. వరసగా మూడు పిలుపులకి రాకపోతే ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఊరి పేరు పెట్టి ‘పలకడం లేదు’ అని దానంతటదే రాసేస్తుంది.

ఓనరు తిరుపతిరావుగారు మురిసిపోయారు. “ఇంక ఫోన్లెందుకండీ, టైం వేస్టు!”

నిజమే, ఎందుకు? కారణం లేకుండా ఫోన్ ఎలా చెయ్యాలో నాకు తెలీదు. నలభై రోజులు మూడూళ్లూ పలుకుతూనే ఉన్నాయి, ఒక్క నాతో తప్ప. నాలో శ్లేషలన్నీ ఎండిపోయి శ్లేష్మం మిగిలింది.

నలభై ఒకటో రోజు పదకొండింటికి గ్రూపులో పడింది: ‘నందిగామ పలకడం లేదు.’

మరు నిమిషంలో దాని కింద డేవిడ్‌రాజు రాశాడు: ‘పలకనిది నేనా, నువ్వా? ఊరంతా చాటింపెందుకు మౌళీ?’

గ్రూపు నిండా నవ్వు బొమ్మలు. నా ఒంటి నిండా చెమటలు. ఒకడు ఇంకొకడితో పలకడం లేదంటే తెగతెంపులైనట్టేగా! ఆ మాట రాసేటప్పుడు నాకు తీగలే గుర్తొచ్చాయి, మనుషులు గుర్తుకు రాలేదు. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఉన్న ఒక్క గొంతూ పోతే, ఇక నన్ను పలకరించేది బస్సు కండక్టరే. ఆ బస్సే ఎక్కాను.

నందిగామ డిపోలో విత్తనాల బస్తాల మధ్య కూర్చున్నాడు డేవిడ్‌రాజు. కళ్లకి నల్లద్దాలు. నెట్ తీగ పీకి, చుట్టగా చుట్టి బల్ల మీద పెట్టుకున్నాడు.

“నువ్వే పీకావా?”

“మరేం చెయ్యను? ఇది పోతేనైనా ఫోన్ చేస్తావనుకున్నా. నువ్వేమో ముందు మిషన్ చేత అనిపించావ్. అందుకే ఫోనెత్తలా.”

“అది కంప్యూటర్ గురించయ్యా, నీ గురించి కాదు!”

“అదేగా నేననేది.”

నేను మాట మార్చాను.

“ఆ నల్లద్దాలేంటి, హీరో వేషమా?”

“ఎడం కంటికి ఆపరేషనైంది. పది రోజులు రాలా. నా సీట్లో గోడౌన్ జయరాజ్ కూర్చున్నాడు.”

ఆ పది రోజులూ నందిగామ ఒక్క పిలుపూ తప్పకుండా పలికింది. ఆ పచ్చ చుక్క చూసి, మనవాడు బాగానే ఉన్నాడనుకుని నేను టీ తాగాను.

“చెప్పొచ్చుగా డేవిడూ?”

“నువ్వడగాలిగా.”

ఏం చెయ్యాలో తోచక తీగ అందుకున్నాను. చెయ్యి పట్టుకుని ఆపాడు.

“తర్వాత పెడుదువుగానీ, ముందు కూర్చో.”

బస్తా మీద కూర్చున్నాను. “బాగా నొప్పెట్టిందా?” అన్నాను.

“నొప్పేం లేదులే. టీవీ చూడొద్దు, పేపరు చదవొద్దు అన్నారు,” అంటూ నల్లద్దాలు సర్దుకున్నాడు. “మాట్లాడొద్దని మాత్రం అన్లా. ఫోను దిండు పక్కనే పెట్టుకున్నా.”