గొంతు గుంటలో స్లో స్క్రూ

బుల్లెబ్బాయి తన పాత జంట సిలిండర్ల బండికి రెండు పెద్ద కార్బ్యురేటర్లు బిగించి కిక్కు కొట్టగానే, కుడి కార్బ్యురేటర్ అతని భార్య మంగతాయారు ఊపిరిని పీల్చడం మొదలుపెడుతుంది. ఎడమది మామూలుగా షెడ్డులో గాలే పీలుస్తుంది.

మంగతాయారు రెండు టీ గ్లాసులతో షెడ్డు గడపలో నిలబడి ఉంది. బండి దగ్గినప్పుడల్లా ఆమె దగ్గుతుంది. అతను యాక్సిలరేటర్ తిప్పి రేజ్ ఇస్తే ఆమె కొంగు చూరుదాకా ఎగిరి, మళ్ళీ బుద్ధిగా భుజమ్మీద వాలుతుంది.

“ఉన్నయ్యి బానే ఉన్నాయి కదయ్యా, ఈ బానలెందుకు తగిలించేవు?” అంటుంది.

“పిట్ట కొంచెం, కూత ఘనం అనిపిద్దామని.”

“కూత సరే, పిట్ట ఊపిరి చూసుకోవద్దా?”

నిజమే. కార్బ్యురేటర్ నోరు మరీ పెద్దదైతే గాలి తీరుబడిగా నడుస్తుంది, పెట్రోలును వెంట లాక్కెళ్ళదు. రేజ్ వదిలేసినా ఇంజను నెమ్మదిగా ఆడుతూ ఉండాలి, అదే స్లో. ఈ బండికి స్లో నిలబడటం లేదు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్నారా!

బండి ఆగిపోతుంది. మంగతాయారు కూడా ఆగిపోతుంది. టీ ఆవిరి సగం దూరం లేచి అక్కడే నిలుస్తుంది. బుల్లెబ్బాయికి భయం వేస్తుంది, చాలా భయం వేస్తుంది. కిక్కు కొడతాడు. బండి అందుకుంటుంది, ఆమె కళ్ళార్పుతుంది.

“పాతవే మళ్ళీ వేసేత్తానే.”

“వెయ్యాలంటే బండి ఆపాలి కదా. ఆపితే నేనుండను. స్లో పెట్టెయ్.”

ఒక చేత్తో రేజ్ పట్టుకుని, రెండో చేత్తో స్లో స్క్రూ కోసం తడుముతాడు. ఎడమ కార్బ్యురేటర్‌కి ఉంది. కుడిదానికి ఆ చోటు నున్నగా ఉంది. మంగతాయారు గ్లాసులు గడప మీద పెట్టి, దగ్గరికొచ్చి మెడ ఎత్తుతుంది. స్క్రూ ఆమె గొంతు గుంటలో ఉంది. చిన్నది, ఇత్తడిది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను దాన్ని చూడలేదు.

ఎటు తిప్పాలో బుల్లెబ్బాయికి తేలదు. బండికి కావలసింది పెట్రోలు. స్క్రూ కార్బ్యురేటర్ నోటి వైపు ఉంటే అది గాలి స్క్రూ, బిగించాలి. ఇంజను వైపు ఉంటే పెట్రోలు స్క్రూ, వదులు చెయ్యాలి. ఇదేమో నోటికీ గుండెకీ సరిగ్గా నడుమ ఉంది. తప్పు తిప్పితే ఆమె ఇక కిక్కుకి లేవదు.

“నోటి వైపుదా, గుండె వైపుదా?” అని ఆమెనే అడుగుతాడు.

“ఎప్పుడూ ఇంజను మాటే వింటావు కదా. నన్నూ అలాగే విను.”

స్క్రూడ్రైవరు మొనను ఆమె గుండె మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటాడు, ఇంజనుకి పెట్టినట్టే. లోపల ఆమె అతనితో అనకుండా మింగేసిన మాటలు ఆడుతున్నాయి. అడుగున చాలా ఉన్నాయి. సిగ్గుతో అతని చెవి కాలుతుంది.

మాటలన్నీ అడుగునే ఉన్నాయంటే స్క్రూ గుండె వైపుదే. పావు తిప్పు వదులు చేస్తాడు. రేజ్ వదిలేస్తాడు.

బండి ఆగిపోతుంది. మంగతాయారు ఆగదు. నిండా ఊపిరి పీలుస్తుంది. టీ ఆవిరి, బండి, షెడ్డు, బయటి రోడ్డు వరసగా, తోసుకోకుండా ఆమె నోట్లోకి వెళ్తాయి. చివరగా బుల్లెబ్బాయి వెళ్తాడు.

ఆమె లోపల, అదే షెడ్డులో, బండి స్లో చక్కగా నిలబడి ఉంది. బండి పక్కన మంగతాయారు గొంతుక్కూర్చుని రేజ్ పట్టుకుని ఉంది. అతను రెండు టీ గ్లాసులతో గడపలో నిలబడి ఉన్నాడు. అతని గొంతు గుంటలో చల్లగా ఇత్తడి తగులుతోంది.

“దగ్గరికి రా,” అని ఆమె స్క్రూడ్రైవరు కోసం చెయ్యి చాపుతుంది.