వెనక గది టీ

తొమియె ఐదో గిన్నెలో వెదురు కవ్వం ఆడిస్తూ ఒక చెవి తలుపు సందుకి అప్పగించింది. జపాన్‌లోని కనజవా ఊళ్ళో ఆ టీ గదిలో మొదటి ఇద్దరు అతిథులకి కురాతా టీచరుగారు ఎదుట కూర్చుని కలుపుతారు. తక్కినవాళ్ళకి వెనక గదిలో తొమియె కలిపింది వెళుతుంది. మెప్పు మాత్రం వెనక్కి రాదు.

"ఏం నురగండీ! అంతా టీచరుగారి చేతి మహిమ," అంటోంది అవతల నాలుగో ఆవిడ.

తొమియె తన చేతిని చూసుకుంది. వేళ్ళు అల్లం కొమ్ముల్లా వంకర్లు పోయాయి. వేడినీళ్ళలో నాని గోళ్ళ చుట్టూ తోలు తెల్లబడింది.

పచ్చటి టీపొడి జల్లించడం, గిన్నెలు కడగడం, తెల్లగుడ్డలు మడవడం, ఇలాగే ముప్ఫై ఎనిమిదేళ్ళు గడిచాయి. ఇక మోకాళ్ళు మొరాయించాయి. ఈ సాయంత్రం బస్సుకి చెల్లెలి ఊరు వెళ్ళిపోతోంది. ముందు గది చాప మీద అతిథిగా కూర్చుని, తన కోసం కలిపిన టీ ఒక్క గిన్నెడు తాగాలని కోరిక. ఇన్నేళ్ళూ అడగడానికి నోరు రాలేదు, ఈ రెండు గంటల్లో వస్తుందా?

అతిథులు వెళ్ళిపోయారు.

"తొమియె గారూ, తోటవైపు నుంచి రండి," అన్నారు టీచరుగారు.

"అతిథులు పాకి వచ్చే ఆ బుల్లి తలుపులోంచా? ఇరుక్కుంటే గోడ పగలగొట్టాలండీ."

"పగలగొడదాం లెండి. నీళ్ళు కాగాయి."

తొమియె వెనక గదిలో వేసుకునే రబ్బరు చెప్పులతోనే తోట చుట్టి వెళ్ళింది. వాటిని అతిథులు చెప్పులు వదిలే రాతి మీద విడిచి, మూలుగుతూ లోపలికి పాకింది. టీచరుగారు కలిపారు. ఎనభై దాటిన చేతికి నురగ సగమే వచ్చింది. తొమియె మర్యాద ప్రకారం గిన్నెని రెండుసార్లు తిప్పి, నెమ్మదిగా తాగింది.

"ఎలా ఉంది?"

"ఉండలున్నాయి."

"పొడి జల్లించిందెవరో?"

"నేనేనండీ."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులోనే తొమియె ఖాళీ గిన్నె పట్టుకుని లేచి, వెనక గదిలోకి నడిచి, కడగడం మొదలుపెట్టింది. అతిథి అయితే గిన్నె టీచరుగారికి తిరిగివ్వాలి, కడిగేది ఆవిడే. ఆ సంగతి సగం కడిగాక గుర్తొచ్చింది.

"అతిథిగారూ, నా పని మీరు చేసేస్తున్నారు," అన్నారు టీచరుగారు అవతలి నుంచి.

"ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అదేగా చేస్తున్నాను."



"అవును," అన్నారు టీచరుగారు.

తొమియె గిన్నె తుడిచి బోర్లించింది. వెనక గుమ్మంలో ఉన్న బూట్లు తొడుక్కుని, సంచీ తీసుకుని, బస్సుకి వెళ్ళిపోయింది.

అతిథి వెళ్ళాక బుల్లి తలుపు తీసి, వంగి సాగనంపడం ఆ ఇంటి పద్ధతి. టీచరుగారు తలుపు తీసి నేలకి నుదురు తాకేలా వంగారు. ఎదురుగా రాతి మీద, చినుకుల్లో తడుస్తూ, తెల్లదారంతో పట్టీ కుట్టిన నీలం రబ్బరు చెప్పుల జత.